పిచ్చుక కాలికి కడియం

కామారెడ్డిలోనో ఎల్లారెడ్డిలోనో మీ ఇంటి వసారాలో వరి కంకుల కుచ్చు కట్టి చూడండి. నిన్న వచ్చిన పిచ్చుకే ఇవాళా వచ్చిందా? చెప్పలేం, అన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఆ తేడా పట్టుకోవడం కొందరికి వృత్తి. పిట్టను పట్టి, కాలికి నంబరున్న అల్యూమినియం రింగు తొడిగి వదిలేస్తారు. రంగు రింగులు కూడా వేస్తే బైనాక్యులర్‌తోనే గుర్తుపట్టొచ్చు. బ్రిటన్‌లోని లండీ దీవిలో 2000 నుంచి దాదాపు ప్రతి పిచ్చుకకూ ఇలా రింగు ఉంది. ఏది దేనితో జతకట్టిందో, ఎన్నేళ్లు బతికిందో అక్కడివాళ్లకు తెలుసు. మన దేశంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ 1927 నుంచి పక్షులకు రింగులు వేస్తోంది.

ఈ విద్య చేతివేళ్లలో ఉంటుంది. తెల్లవారుజామునే రెండు కర్రల మధ్య కంటికి ఆననంత సన్నని వల కడతారు. పిట్ట పడితే ఆలస్యం చేయకుండా విడిపించాలి. వీపు అరచేతికి ఆని, మెడ చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ ఉండాలి. రొమ్ము మీద ఒత్తిడి పడిందా, దానికి ఊపిరాడదు. రెక్క కొలిచి, గుడ్డ సంచిలో వేసి తూచి, రింగు తొడిగి వదిలేయాలి. పుస్తకం చదివితే వచ్చేది కాదిది, అనుభవజ్ఞుల పక్కన నిలబడి నేర్చుకోవాలి. అటవీశాఖ అనుమతి లేకుండా వల వేస్తే మాత్రం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. సరదాకైనా ప్రయత్నించకండి.

ఈ వృత్తిలోకి రావాలని ఉంటే, పల్లెటూరి పిల్లలమని వెనకడుగు వేయొద్దు. 1900 తర్వాత ఎవరికీ కనబడని కలివికోడి అనే పక్షి 1986లో కడప అడవుల్లో దొరికింది. పట్టి చూపింది పెద్ద చదువులవారు కాదు, అక్కడి వేటగాడు. పిట్ట ఎక్కడ మేస్తుందో, ఎప్పుడు కదులుతుందో తెలిసిన కన్ను మీకు పుట్టుకతోనే ఉంది.

దానికి డిగ్రీ తోడవ్వాలి. ఇంటర్ బైపీసీ, బీఎస్సీ అయ్యాక సీపీగెట్ ప్రవేశ పరీక్ష రాసి ఉస్మానియాలో ఎమ్మెస్సీ జువాలజీ చేయొచ్చు. డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ పరిశోధన సంస్థల్లో వన్యప్రాణుల మీదే ఎమ్మెస్సీలున్నాయి. మొదట దొరికేవి ఎక్కువగా ప్రాజెక్టు ఉద్యోగాలే. జీతం తక్కువ, కాలపరిమితి ఉంటుంది. ఇంట్లోవాళ్లకు ఇది ముందే చెప్పండి. నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ చేసుకోవచ్చు.

సెలవు రోజు పోచారం అభయారణ్యానికి వెళ్లండి. మిగతా రోజుల్లో వసారా చాలు. పొద్దున ఆరింటికి నోట్‌బుక్ పట్టుకుని కూర్చోండి. గొంతు కింద నల్లమచ్చ ఉంటే మగది. ఎన్ని వచ్చాయి, కంకి దగ్గర ఏది దేన్ని తరిమింది, తేదీతో సహా రాయండి.