గోడలు దాటిన చదువు

తెలుగునాట ‘కాన్వెంటు’ అనగానే యూనిఫారం, టై, ఇంగ్లీషు మీడియం గుర్తుకు వస్తాయి. సన్యాసినుల జాడే లేని బడికి సైతం ఆ పేరుతో బోర్డు వేలాడటం మనం చూస్తూనే ఉంటాం. నిజానికి ఆ మాటకు అర్థం మఠం. కతోలిక క్రైస్తవులు కన్యస్త్రీలని, మఠకన్యలని వ్యవహరించే సన్యాసినులు కలిసి నివసించే ఇల్లు అది. మఠం పేరు బడికి ఎలా సంక్రమించిందో తెలియాలంటే నాలుగు శతాబ్దాలు వెనుకకు వెళ్లాలి.

1563లో ముగిసిన ట్రెంట్ మహాసభ సన్యాసినుల విషయంలో ఒక కఠిన నియమాన్ని స్థిరపరచింది. మఠంలో చేరిన స్త్రీ ప్రహరీ దాటి వెలుపలికి రారాదు. వెలుపలి వారు లోపలికి పోరాదు. బాలికలకు చదువు చెప్పాలన్న కోరిక ఉన్నా, ఆ గోడల నడుమ ఉంచుకొని చెప్పవలసిందే. ఆ ఖర్చు భరించగలిగినవారు సంపన్నులే కనుక, పేదింటి పిల్లకు అక్షరం దూరమైంది.

ఈ నియమాన్ని ఎదిరించి నిలిచిన స్త్రీ మేరీ వార్డ్. ఆమె 1585లో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో జన్మించింది. అప్పుడు ఆ దేశంలో కతోలిక ఆరాధన శిక్షార్హమైన నేరం. 1605లో పార్లమెంటును తుపాకిమందుతో పేల్చివేయబూనిన కుట్రలో ఆమె మేనమామలు ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. మరుసటి ఏడాది ఆమె సముద్రం దాటి, నేడు ఫ్రాన్సులో ఉన్న సెంతొమేర్ పట్టణం చేరి, పేద క్లారా సన్యాసినుల మఠంలో ప్రవేశించింది. తన మార్గం అది కాదని త్వరలోనే గ్రహించింది. 1609లో స్వదేశానికి వెళ్లి, కొందరు యువతులను కూడగట్టుకొని తిరిగి వచ్చి, అదే పట్టణంలో బడి తెరిచింది. ఇంగ్లండు నుండి వచ్చిన బాలికలకు వసతితో కూడిన చదువు, స్థానిక బాలికలకు ఉచిత విద్య అక్కడ లభించేవి.

ఆమె కోరినది స్వల్పమేమీ కాదు. జెసూట్ గురువులకు వర్తించే నియమావళినే తమకూ ఇమ్మని అడిగింది. అంటే ప్రహరీ నిర్బంధం ఉండదు. స్థానిక బిషప్పు అధికారం కింద గాక, తమలో ఒక స్త్రీయే సంస్థ మొత్తానికి అధిపతిగా ఉంటుంది. ఈ కోరిక ఎందరికో కంటగింపయింది. స్త్రీల ఉత్సాహం నాలుగు రోజుల ముచ్చటేనని ఒకరు తేలికగా మాట్లాడినప్పుడు, సత్యాన్ని తెలుసుకోవడంలో స్త్రీపురుష భేదం లేదనే అర్థంలో ఆమె తన సహచరులకు బోధించింది. 1621లో ఆల్ప్స్ పర్వతాలు దాటి, చాలా దూరం కాలినడకనే సాగి, అనుమతి కోసం రోము చేరింది. లియెజ్, కొలోన్, రోము, నేపుల్స్, మ్యూనిక్, వియన్నా నగరాలలో బడులు వెలిశాయి గాని, అనుమతి మాత్రం రాలేదు.

1631లో పోప్ ఎనిమిదవ అర్బన్ ఆ సంస్థను రద్దు చేశాడు. మ్యూనిక్‌లో ఆమెను మతద్రోహిగా నిర్బంధించారు. నిర్బంధించిన చోటు కూడా పేద క్లారా సన్యాసినుల మఠమే! అక్కడినుండి ఆమె పొట్లాల కాగితాలపై నిమ్మరసంతో ఉత్తరాలు రాసి సహచరులకు పంపేది. కాగితాన్ని వేడికి చూపితే అక్షరాలు తేలేవి. సుమారు రెండు నెలల తరువాత విడుదలై, చివరకు ఇంగ్లండు చేరి, 1645లో యార్క్ సమీపంలో మరణించింది.

సంస్థ రద్దయినా బడి ఆగలేదు. 1686లో ఆమె అనుయాయులు యార్క్ నగర ద్వారం వెలుపల ఒక ఇల్లు కొని, రహస్యంగా మఠాన్ని, బాలికల పాఠశాలను నడిపారు. 1769లో అక్కడ నిర్మించిన ప్రార్థనాలయపు గుమ్మటం వెలుపలికి కనిపించకుండా మామూలు ఇంటికప్పు కింద దాగి ఉంది. ఆపద వస్తే తప్పించుకోవడానికి ఎనిమిది ద్వారాలు ఉన్నాయి. వారి నియమావళికి రోము 1703లో ఆమోదం తెలిపింది గాని, మేరీ వార్డ్‌ను స్థాపకురాలిగా చెప్పుకోరాదని 1749లో ఆంక్ష విధించింది. ఆ ఆంక్ష 1909 దాకా కొనసాగింది. తల్లి పేరు ఎత్తకుండా బిడ్డలు నూట అరవై ఏళ్లు ఆమె పని చేశారన్నమాట.

యార్క్ బడిలో చదివిన వారిలో డబ్లిన్ పట్టు వర్తకుని కుమార్తె ఫ్రాన్సెస్ బాల్ ఒకతె. ఆమె సన్యాసినియై 1821లో ఐర్లండుకు తిరిగివచ్చి లొరెటో సంస్థను ఆరంభించింది. ఆమె పంపిన పన్నెండుమంది యువతులు 1841 డిసెంబరులో కలకత్తా రేవులో దిగారు. మరుసటి నెలలోనే మిడిల్టన్ రోలో పాఠశాల తెరిచారు. అయితే చాలాకాలం అక్కడ చదివినవారు ప్రధానంగా యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ బాలికలే. రుసుము చెల్లించేవారికి ఒక బడి, అనాథలకు, పేదలకు మరొకటి అన్న విభజన కూడా ఉండేది. రాతిగోడ పోయినా రూకల గోడ మిగిలిందనక తప్పదు.

మన ప్రాంతానికి వచ్చిన సంస్థలు వేరు. ఫ్రాన్సులోని అనెసీ నుండి సెయింట్ జోసఫ్ సిస్టర్లు 1849లో యానాం చేరి, తరువాత విశాఖపట్నంలో స్థిరపడ్డారు. సికింద్రాబాదులో సెయింట్ ఆన్స్ బాలికల పాఠశాల 1871 నాటిది. ‘కాన్వెంటు’ అన్న మాట మన నోళ్లలో నానడానికి ఇటువంటి బడులే కారణం.

తిరిగి కలకత్తాకు వస్తే, ఎంటాలీలోని సెయింట్ మేరీస్ లొరెటో వారు బెంగాలీ మాధ్యమంలో నడిపిన బాలికల పాఠశాల. అక్కడ 1931 నుండి బోధించి, 1944లో ప్రధానోపాధ్యాయిని అయిన సిస్టర్ తెరెసా, ప్రహరీ ఆవల ఉన్న మోతీఝీల్ మురికివాడలో సేవ చేయదలచింది. మఠం వెలుపల నివసించడానికి 1948లో కూడా ఆమె రోము అనుమతి కోసం ఎదురుచూడవలసి వచ్చింది. ఆమే మనమెరిగిన మదర్ తెరెసా.

రూకల గోడను కదిలించిన ఘనత మాత్రం సియాల్దా లొరెటో పాఠశాలది. 1979 నుండి 2011 వరకు ప్రధానోపాధ్యాయినిగా పనిచేసిన సిస్టర్ సిరిల్ మూనీ రుసుము చెల్లించలేని బాలికల సంఖ్యను క్రమంగా పెంచి, సగానికి చేర్చింది. రుసుము కట్టినవారు, కట్టనివారు ఒకే తరగతిలో, ఒకే బల్లమీద కూర్చునేవారు. 1985లో మేడమీద వీధిబాలల కోసం ‘రెయిన్‌బో’ కేంద్రాన్ని ఆరంభించింది. ఆ పిల్లలు వేళపాళలతో పనిలేకుండా వచ్చేవారు. వారికి అక్షరాలు దిద్దించినది ఎక్కువగా కింది తరగతి గదులలో చదువుకొనే బాలికలే. ఆ పనికి పాఠశాల కాలపట్టికలోనే వారికి గంటలు కేటాయించారు.