రెండు మానిటర్లు తగిలించే ముందు

చిరంజీవి లావణ్యకు,

నీ ఉత్తరం అందింది. పుస్తకాలకు పేజీలు కట్టే పని దొరికిందని, ఇంటి నుంచే చేసుకోమన్నారని చదివి వినిపిస్తే అమ్మమ్మ చాలా సంతోషించింది. ల్యాప్‌టాప్‌కి రెండు మానిటర్లు తగిలించుకుందామనుకుంటున్నావు, ఏమేం కొనాలో చెప్పమన్నావు. అడిగావు కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. ఓపిగ్గా చదువు.

ఆలోచన మంచిదే. ప్రూఫు చూసేవాళ్ళకి రెండో తెర విలాసం కాదు, అవసరం. ఒక్క తెర మీదే రాతప్రతి స్కానునీ, కంపోజ్ చేసిన పేజీనీ మాటిమాటికీ మార్చుకుంటూ చూస్తుంటే కన్ను లైను తప్పుతుంది. ఒకే మాటతో మొదలయ్యే రెండు పేరాలు ఒకదాని కింద ఒకటి వచ్చాయంటే, మధ్యలో ఒక పేరా మొత్తం ఎగిరిపోయినా తెలియదు. రెంటినీ పక్కపక్కన పెట్టుకుంటే ఆ తప్పు అప్పటికప్పుడే దొరుకుతుంది. ల్యాప్‌టాప్ సొంత తెర మెయిలుకీ నిఘంటువుకీ మిగులుతుంది.

ముందు నువ్వు చూసిపెట్టుకున్న కేబుల్ సంగతి. ఒక కొసన ఒక హెచ్‌డీఎంఐ, రెండో కొసన రెండు హెచ్‌డీఎంఐలు ఉన్న ఆ కేబుల్ కొనకు. దాన్ని స్ప్లిటర్ అంటారు. వచ్చిన ఒక్క బొమ్మనే రెండు చోట్ల చూపించడం తప్ప దానికి ఇంకేమీ రాదు. ఫంక్షన్ హాల్లో పెళ్ళి తంతును నాలుగు టీవీల్లో చూపించడానికి అలాంటిదే వాడతారు. అక్కడికి సరిపోతుంది. నీకు కావలసింది ఒక తెర మీద ఒకటి, ఇంకో తెర మీద మరొకటి.

వేర్వేరు బొమ్మలు ఎన్ని రావాలన్నది తేల్చేది లోపలి గ్రాఫిక్స్ చిప్. ఇంటెల్ చిప్పుల్లో 2012లో వచ్చిన మూడో తరం నుంచి ఒకేసారి మూడు తెరలు నడుస్తాయి. 2020లో వచ్చిన 11వ తరం నుంచి నాలుగు. ల్యాప్‌టాప్ సొంత తెర కూడా ఈ లెక్కలోదే. నీకు కావలసినవి మూడు కాబట్టి చిప్ వైపు నుంచి ఇబ్బంది ఉండకపోవచ్చు. నీ స్నేహితురాలిది ఎం1 మాక్‌బుక్ ఎయిర్ అన్నావు కదా, ఆ అమ్మాయికి మాత్రం ఈ ఉత్తరంలో చెప్పేవన్నీ వర్తించవు. ఎం1, ఎం2 ఎయిర్‌లకి బయట నేరుగా ఒక్క మానిటరే వస్తుంది. 2024లో వచ్చిన ఎం3 ఎయిర్‌కి రెండు వస్తాయి గానీ మూత మూసి ఉంచాలి. 2025 నాటి ఎం4 ఎయిర్‌తోనే మూత తెరిచి కూడా రెండు పెట్టుకునే వీలు వచ్చింది.

ఇక పోర్టులు. ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. హెచ్‌డీఎంఐ పోర్టుతో పేచీ లేదు, అది ఉన్నదే బొమ్మ కోసం. చిక్కంతా యూఎస్‌బీ-సీతో వస్తుంది. ఆ చిన్న కోలపాటి రంధ్రం ఆకారం అన్ని ల్యాప్‌టాప్‌ల మీదా ఒకటే. దాని వెనకాల ఏముందన్నది ఒక్కో మోడల్‌కి ఒక్కో తీరు. కొన్నిట్లో ఫైళ్ళు మాత్రమే కదులుతాయి. కొన్నిట్లో ఛార్జింగ్ కూడా అవుతుంది. ఇంకొన్నిట్లో బొమ్మ కూడా వస్తుంది. బొమ్మ వచ్చే ఏర్పాటును డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ అంటారు. ఆ రంధ్రం పక్కన డీ, పీ అక్షరాలు కలిసిన గుర్తుంటే అది ఉన్నట్టు. మెరుపు గీత బాణంలా ఉంటే థండర్‌బోల్ట్, అంటే ఇంకా మంచిది. థండర్‌బోల్ట్ 4 అయితే రెండు 4కే మానిటర్లు నడిపి తీరాలన్నది ఆ ప్రమాణంలోనే ఉన్న నిబంధన. ఏ గుర్తూ లేకపోతే లేదని కూడా అనుకోవద్దు, కొన్ని కంపెనీలు గుర్తు ముద్రించవు. మోడల్ నంబరు పట్టుకుని తయారీదారు ఇచ్చిన వివరాల పట్టికలో చూడాలి. అమ్మేవాడి మాట సాక్ష్యం కాదు.

కేబుల్‌దీ అదే కథ. ఫోన్ ఛార్జర్‌తో వచ్చిన సీ కేబుల్ చాలావరకు యూఎస్‌బీ 2.0 వేగానిదే. అందులో బొమ్మ మోసే తీగలే ఉండవు. అది పెట్టి మానిటర్ రావడం లేదని మానిటర్‌ని తిప్పి పంపినవాళ్ళు ఉన్నారు.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. నీకు లెక్కలంటే ఇష్టమే కదా. మామూలు ఫుల్ హెచ్‌డీ తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. మొత్తం 20,73,600. ఒక్కో చుక్క రంగు చెప్పడానికి 24 బిట్లు కావాలి. ఆ బొమ్మను సెకనుకి 60 సార్లు పంపాలి, దాన్నే 60 హెర్ట్జ్ అంటారు. గుణిస్తే సెకనుకి దాదాపు 300 కోట్ల బిట్లు, అంటే 3 గిగాబిట్లు. మధ్యలో వదిలే ఖాళీలు కూడా కలుపుకుంటే 3.3 అనుకో. 2560 బై 1440 తెరకి ఇదే లెక్కన దగ్గర దగ్గర 6 గిగాబిట్లు. 4కే తెరకి చుక్కలు ఫుల్ హెచ్‌డీకి సరిగ్గా నాలుగింతలు కాబట్టి 12న్నర చిల్లర.

ఇది ఒక పక్క. రెండో పక్క దారి వెడల్పు. బొమ్మ మోయగల యూఎస్‌బీ-సీ కేబుల్‌లో వేగంగా పనిచేసే లేన్లు నాలుగుంటాయి. నాలుగూ బొమ్మకే ఇచ్చేస్తే ఫైళ్ళ కోసం పాత యూఎస్‌బీ 2.0 వేగమే మిగులుతుంది. అందుకని చాలా హబ్బులు, డాకులు (ఒక్క పోర్టును చాలా పోర్టులుగా విడదీసే పెట్టెలు) రెండు లేన్లు బొమ్మకీ, రెండు ఫైళ్ళకీ పంచుతాయి. డిస్‌ప్లేపోర్ట్ 1.2 రకం ల్యాప్‌టాప్‌లో ఒక్కో లేనుకి, పైఖర్చులు పోగా, 4.32 గిగాబిట్లు మిగులుతాయి. రెండు లేన్లకి 8.64. ఇందులో రెండు ఫుల్ హెచ్‌డీ మానిటర్లు హాయిగా పడతాయి. రెండు 1440 మానిటర్లు పట్టవు. ఒక్క 4కే మానిటర్ కూడా 60 హెర్ట్జ్‌తో పట్టదు, 30 హెర్ట్జ్‌కి దిగిపోతుంది. హబ్ పెట్టె మీద పెద్దక్షరాల్లో 4కే అనీ, వెనకాల చిన్నక్షరాల్లో 30 హెర్ట్జ్ అనీ రాసి ఉండడానికి కారణం ఇదే. 30 హెర్ట్జ్‌లో మౌస్ బాణం జరుగుతుంటే ఈడ్చుకుంటూ వచ్చినట్టుంటుంది. రోజంతా అక్షరాలు చూసే పనికి అది వద్దు. డిస్‌ప్లేపోర్ట్ 1.4 ఉన్న ల్యాప్‌టాప్, దాన్ని వాడుకోగల డాక్ కలిస్తే ఒక్కో లేనుకి 6.48 వస్తుంది. అప్పుడు ఇదే రెండు లేన్లలో ఎక్కువ పడుతుంది.

అందుకని నా సలహా ఏమిటంటే, నీ ల్యాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ ఒకటి, బొమ్మ వచ్చే యూఎస్‌బీ-సీ ఒకటి ఉంటే డాక్ జోలికే పోవద్దు. ఒక మానిటర్ హెచ్‌డీఎంఐకి తగిలించు. రెండోదానికి యూఎస్‌బీ-సీ నుంచి డిస్‌ప్లేపోర్ట్‌కి వెళ్ళే కేబుల్ ఒకటి కొనుక్కో. ఎవరి దారి వాళ్ళది, లేన్లు పంచుకునే గొడవ ఉండదు, ఖర్చూ తక్కువ. ఈ మార్పిడి కేబుళ్ళు చాలావరకు ఒకే దిక్కుకి పనిచేస్తాయి. ల్యాప్‌టాప్ వైపు ఏ కొస, మానిటర్ వైపు ఏ కొస అన్నది చూసి అడుగు.

ల్యాప్‌టాప్‌ని రోజూ ఆఫీసుకి మోసుకెళ్ళి తిరిగి తెచ్చుకునేవాళ్ళకి డాక్ సుఖం. ఒక్క కేబుల్ పెడితే మానిటర్లు, కీబోర్డు, నెట్, ఛార్జింగ్ అన్నీ వచ్చేస్తాయి. ఒకే కేబుల్ నుంచి రెండు వేర్వేరు బొమ్మలు విడదీసే పద్ధతిని ఎంఎస్‌టీ అంటారు. 2010లో డిస్‌ప్లేపోర్ట్ 1.2తో వచ్చింది. విండోస్‌కి ఇది తెలుసు. మాక్ దాన్ని అలా వాడుకోదు. అందుకే అదే డాక్ మీద మాక్ పెడితే రెండు మానిటర్లలోనూ ఒకే బొమ్మ వస్తుంది. డాక్ ఎన్ని వాట్లు ఛార్జింగ్ ఇస్తుందో కూడా చూడాలి. ల్యాప్‌టాప్ 65 వాట్ల ఛార్జర్‌ది అయితే డాక్ అంతకు తగ్గకూడదు.

యూఎస్‌బీ-సీలో బొమ్మ రాదని తేలితే డిస్‌ప్లేలింక్ అనే మార్గం ఒకటుంది. బొమ్మను సాఫ్ట్‌వేర్‌తో కుదించి మామూలు యూఎస్‌బీ గుండా పంపుతుంది. ఎం1 మాక్ వాళ్ళు రెండో మానిటర్‌కి ఆశ్రయించేదీ దీన్నే. అక్షరాల పనికి బాగానే ఉంటుంది. డ్రైవర్ వేసుకోవాలి, ప్రాసెసర్ మీద కొంత భారం పడుతుంది, ఓటీటీ సినిమాలు నల్లగా కనిపించే అవకాశం ఉంది. ఆఫీసు వాళ్ళు ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో డ్రైవర్ వేసుకోనిస్తారో లేదో ముందే కనుక్కోవాలి. దారి లేనప్పుడు పనికొచ్చేదే గానీ మొదటి ఎంపిక కాదు.

మానిటర్ ఎంపిక దగ్గర తెలుగువాళ్ళం కాస్త పట్టుదలగా ఉండాలి. 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ చూడ్డానికి పెద్దగా ఉంటుంది, ధరా నచ్చుతుంది. కానీ అందులో అంగుళానికి సుమారు 82 చుక్కలే. ఇంగ్లీషు అక్షరానికి సరిపోవచ్చు. మనకి అక్షరం కింద ఒత్తు, ఒత్తు కింద ఇంకో ఒత్తు, నెత్తిన గుడి. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా ఒక చిన్న మెలికే. ద, ధ, థలు తేలేది అడుగున ఒక గీత దగ్గర, లోపల ఒక చుక్క దగ్గర. చుక్కలు తక్కువైన తెర మీద అవన్నీ మసకగా కలిసిపోతాయి, ప్రూఫులో తప్పు దాటిపోతుంది. అదే 27 అంగుళాల్లో 2560 బై 1440 తీసుకుంటే అంగుళానికి 109 చుక్కలొస్తాయి. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీకి 92. కాబట్టి పేజీ చూసుకునే మానిటర్ 27 అంగుళాల 1440ది తీసుకో. స్కాను చూసే రెండోది 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ అయినా ఫరవాలేదు.

ఆ పెద్ద మానిటర్‌ని నిలువుగా తిప్పగలిగే స్టాండు ఉంటే ఇంకా బాగు. పుస్తకం పేజీ నిలువుగానే ఉంటుంది కదా, పై మార్జిన్ నుంచి పేజీ నంబరు దాకా ఒక్క చూపులో కనిపిస్తుంది. నిలువుగా పెట్టేట్టయితే ఐపీఎస్ ప్యానెల్ అని రూఢి చేసుకో. టీఎన్ ప్యానెల్‌ని తిప్పితే కుడికన్నుకి ఒక రంగు, ఎడమకన్నుకి ఒక రంగు కనిపించి తలనొప్పి వస్తుంది. రెండు మానిటర్ల తెలుపు ఎప్పుడూ ఒకలా ఉండదు. అట్ట రంగులు నిర్ణయించేటప్పుడు ఒక్క తెరనే నమ్ముకో.

తగిలించాక విండోస్ కీతో పీ నొక్కు. వచ్చే జాబితాలో ఎక్స్‌టెండ్ ఎంచుకో. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే తెరిస్తే తెరలు పెట్టెల బొమ్మల్లా కనిపిస్తాయి. ఐడెంటిఫై నొక్కితే ఏ తెర ఏ నంబరో దాని మీదే పడుతుంది. బల్ల మీద ఎలా పెట్టావో ఆ పెట్టెల్ని కూడా అలాగే జరుపు. పై అంచులు కలవకపోతే మౌస్ బాణం ఒక మూల దగ్గర గోడకి కొట్టుకున్నట్టు ఆగిపోతుంది. నిలువు మానిటర్‌కి ఓరియంటేషన్‌లో పోర్ట్రెయిట్ పెట్టు. అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్ళి 60 హెర్ట్జ్ ఉందో లేదో ఒకసారి చూడు. తెరిచి ఉన్న కిటికీని పక్క తెరకి పంపాలంటే విండోస్, షిఫ్ట్ కీలు పట్టుకుని బాణం కీ నొక్కితే చాలు. ఎక్కువసేపు చూసే తెర ముఖానికి సూటిగా, దాని పై అంచు కంటి ఎత్తుకి మించకుండా, చేయి చాచినంత దూరంలో ఉండాలి. మెడ తిప్పి చూడాల్సింది రెండోదే అవ్వాలి.

బొమ్మ రాకపోతే కంగారుపడి అన్నీ ఒకేసారి పీకెయ్యకు. మానిటర్ బటన్‌తో సరైన ఇన్‌పుట్ ఎంచుకున్నావో లేదో చూడు. సగం ఫిర్యాదులు అక్కడే తీరతాయి. తర్వాత కేబుల్ మార్చు. తర్వాత రెండు మానిటర్ల కేబుళ్ళు అటుదిటు పెట్టు. లోపం కేబుల్‌తో పాటు కదిలిందా, మానిటర్ దగ్గరే ఉండిపోయిందా అన్నది దాంతో తేలిపోతుంది. ఉన్నట్టుండి తెరలన్నీ నల్లబడితే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కు. గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్ళీ మొదలవుతుంది, తెరిచి ఉన్న ఫైళ్ళకేమీ కాదు.

కరెంటు గురించి ఒక్క మాట. పోయినప్పుడు ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, మానిటర్లూ డాకూ ఆరిపోతాయి. ఎప్పుడైనా డాక్ వాడితే దానికి తగిలించిన హార్డ్‌డిస్కు కూడా అదే క్షణంలో ఊడిపోయినట్టు అవుతుంది. అందులోంచి నేరుగా తెరిచిన పుస్తకం ఫైలు పాడయ్యే ప్రమాదం ఉంది. పని చేసే ఫైలు ఎప్పుడూ ల్యాప్‌టాప్‌లోనే ఉంచు, హార్డ్‌డిస్కులో నకలు పెట్టు. ఇన్వర్టర్ లైనుంటే మానిటర్ల ప్లగ్గులు దానికే ఇవ్వు. 24 అంగుళాల ఎల్‌ఈడీ మానిటర్ తినేది 20 వాట్ల అటూ ఇటూనే కాబట్టి ఇన్వర్టర్‌కి పెద్ద బరువేమీ కాదు.

కంప్యూటర్ సామాన్ల కోసం సికింద్రాబాద్ సీటీసీకి వెళ్తానన్నావు. ఆ లోపు ల్యాప్‌టాప్ అడుగున ఉన్న స్టిక్కరు ఫొటో ఒకటి, రెండు పక్కలా పోర్టుల ఫొటోలు చెరొకటి నాకు పంపించు. చూసి ఏ కేబుల్ తేవాలో రాస్తాను. అందాకా ఏదీ కొనకు.

ఇట్లు,
మీ మామయ్య