రెండు బిందువులనుండి సరళరేఖా సమీకరణము

గత వర్షకాలమున మా వసతిగృహమునందొక బాలునకు జ్వరము తగిలెను. ఆ రాత్రి చేతికందిన థర్మామీటరు సెల్సియస్ కొలతది. అందు పాదరసము 39.5 వద్ద నిలిచెను. ఇండ్లలో ఫారన్‌హీటు లెక్కయే వినియున్న పిల్లలకు ఆ యంకె బోధపడలేదు. పై తరగతి విద్యార్థి యొకడు, "నీరు మరుగునది దీనిలో 100, దానిలో 212, కావున 2.12 చే గుణింపవలెను" అని, 83.74 వచ్చినదనియు, జ్వరమే లేదనియు జెప్పెను. బాలుని నొసలు మాత్రము కాలుచుండెను. ఈ లెక్కలో తప్పెచ్చట నున్నదో విచారింతము.

రెండు బిందువులగుండ నొక్క సరళరేఖయే పోవునని మనము చిన్న తరగతులలోనే చదివితిమి. కాగితముపై సెల్సియస్ అంకెను అడ్డముగను, ఫారన్‌హీటు అంకెను నిలువుగను గుర్తించి, వానిని క్రమముగా 'సె', 'ఫా' అని పిలుతము. సాధారణ వాయుపీడనమున మంచు కరుగునపుడు సె 0, ఫా 32. నీరు మరుగునపుడు సె 100, ఫా 212. ఇవియే మనకు దెలిసిన బిందువులు. మొదటిదానినుండి రెండవదానికి బోవుటకు అడ్డముగా 100 నడచి, నిలువుగా 180 ఎక్కవలెను. 180 ని 100 చే భాగింపగా 1.8 వచ్చును. దీనిని రేఖయొక్క వాలు అందురు. సరళరేఖపై వాలు ఎల్లయెడల నొక్కటే గనుక, రేఖమీది యే బిందువునకైనను

ఫా − 32 = 1.8 × సె

కావలెను. అనగా, ఫా = 1.8 సె + 32.

మన విద్యార్థి విడిచినది ఆ 32. వాడు రేఖను రెండు సున్నలు కలియు మూలబిందువునుండి గీచెను; అది నిజమునకు 32 వద్ద బయలుదేరును. 39.5 ను 1.8 చే గుణింపగా 71.1, దానికి 32 కలుపగా 103.1. వెంటనే వైద్యుని పిలిపించితిమి. వారము దినములలో బాలుడు తేరుకొనెను.

ఒక బిందువున సె సున్న యగుటచే మన పని సులువైనది. అట్లు గాక (10, 50), (30, 86) అను బిందువులే తెలిసినవనుకొందము. 86 నుండి 50 తీసివేయగా 36. 30 నుండి 10 తీసివేయగా 20. వాలు మరల 1.8. అప్పుడు ఫా − 50 = 1.8 (సె − 10). దీనిని విప్పినచో మునుపటి సమీకరణమే వచ్చును. తీసివేత రెండుచోట్లను ఒకే వరుసను జరుగవలెను. పైన నొక వరుస, క్రింద నొక వరుస పట్టినచో ఎక్కు రేఖ దిగు రేఖ యగును. 1742 లో సెల్సియస్ పండితుడు తొలుత మరుగు నీటికి 0, మంచునకు 100 అని యేర్పరచెను. ఆ కొలతకు వాలు నిజముగనే −1.8; సమీకరణము ఫా = 212 − 1.8 సె.

ప్రయోగశాలలో బిందువులను దగ్గరగా దీసికొనుట మంచిది గాదు. సె 36, 37 ల వద్ద ఫా 96.8, 98.6 ఉండవలెను. రెండవదానిని పొరపాటున 98.8 అని చదివినచో వాలు 2 అగును. ఆ రేఖ ప్రకారము మరుగు నీరు 224.8 చూపును! దూరపు బిందువులను దీసికొని, మూడవ బిందువు నొకదానిని సాక్షిగా బరీక్షించుట మేలు.

రెండు కొలతలును ఒకే యంకె చూపు స్థానమొకటి గలదు. సమీకరణమున ఫా కు బదులు సె నుంచి విద్యార్థులే సాధింతురు గాక, −40 రావలెను.