ప్లే స్కూల్లో మందు సీసా: ఎవరు ఇవ్వాలి, ఎవరు రాయాలి?

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో, బదిలీల వల్ల అమ్మమ్మ, నానమ్మలు దూరమైన ఇళ్లలో మూడేళ్ల పిల్లలకు పగటి ఇల్లు ప్లే స్కూలే. పిల్లలు గుంపుగా ఉన్నచోట జలుబు, జ్వరం, విరేచనాలు తప్పవు. చేరిన మొదటి ఏడాది మరీ ఎక్కువ. ఇంట్లో ఒకరు, స్కూల్లో మరొకరు మందు వేస్తున్నప్పుడు ఎవరు ఎంత వేశారన్న లెక్క తప్పితే, ఒక్కోసారి జబ్బు కన్నా అదే ప్రమాదమవుతుంది. నేను డాక్టర్ని కాను. కానీ మన బ్యాంకు పద్ధతులు కొన్ని ఇక్కడ చక్కగా పనికొస్తాయని ఇద్దరు పిల్లల్ని పెంచుతూ గమనించాను.

పంపాలా, వద్దా?

నెలాఖరు రోజున పిల్లవాడి ఒళ్లు వెచ్చగా ఉంటే, సిరప్ వేసి పంపేద్దామనిపించడం సహజం. అయితే పారాసిటమాల్ పనిచేసేది నాలుగు నుంచి ఆరు గంటలే. ఎనిమిదికి వేస్తే మధ్యాహ్నానికి జ్వరం మళ్లీ రావచ్చు. ఈలోగా పక్క పిల్లలకూ అంటుకోవచ్చు. మందు వేయకుండానే 24 గంటలు జ్వరం లేకపోతే పంపవచ్చు. వాంతులు, విరేచనాలు ఆగాక 48 గంటలు ఆగాలి. ఆటలమ్మ, అంటే చికెన్‌పాక్స్ అయితే పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేవరకు ఇంట్లోనే ఉంచాలి. కొద్దిపాటి జలుబు ఉన్నా హుషారుగా ఆడుకుంటూ, తింటూ ఉంటే మానిపించనక్కర్లేదు.

ఒకే మందు, మూడు బలాలు

పిల్లల పారాసిటమాల్ మన షాపుల్లో కనీసం మూడు రకాలుగా దొరుకుతుంది: 5 మి.లీ.లో 120 మి.గ్రా. సిరప్, 5 మి.లీ.లో 250 మి.గ్రా. సిరప్, 1 మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉండే చుక్కల మందు. డాక్టర్లు సాధారణంగా కిలో బరువుకు 10 నుంచి 15 మి.గ్రా. చొప్పున రాస్తారు. 12 కిలోల పాపకు 180 మి.గ్రా. అనుకుందాం. మొదటి సిరప్‌లో అది 7.5 మి.లీ. రెండోదానిలో 3.6 మి.లీ. చుక్కల మందులో 1.8 మి.లీ. సీసా మారినా అదే 7.5 మి.లీ. వేస్తే, రెండో సిరప్‌తో మోతాదు రెట్టింపు దాటుతుంది. చుక్కల మందుతో నాలుగు రెట్లు దాటుతుంది. ఎక్కువైన పారాసిటమాల్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. జలుబు సిరప్‌లు చాలావాటిలో కూడా పారాసిటమాల్ ఉంటుందని మరవద్దు.

అందుకే "ఒక మూత వేయండి" అని ఫోన్లో చెప్పకూడదు. మందు పేరు, బలం, ఎన్ని మి.లీ., ఎన్ని గంటలకు అన్నది కాగితం మీద రాసివ్వాలి. కొలిచేది వంటింటి చెంచాతో కాదు, మి.లీ. గీతలున్న కప్పుతోనో సిరంజితోనో.

మేకర్, చెకర్

మా చిన్నవాడి ప్లే స్కూల్లో ఒక రూళ్ల నోటుబుక్ ఉండేది. మందు వేసే ఆయమ్మ ఒక సంతకం, పక్కన నిలబడి సీసా మీద పేరు, మోతాదు చదివి చూసిన టీచర్ ఇంకో సంతకం పెట్టేవారు. మనకు అలవాటైన మేకర్, చెకర్ పద్ధతే! ఒకరోజు టీచర్ నాకు ఫోన్ చేసి, "పొద్దున ఇంట్లో జ్వరం మందు వేశారాండీ? పుస్తకంలో రాయలేదు" అని అడిగారు. ఇంటికి ఫోన్ చేస్తే, పది నిమిషాల క్రితం దించి వెళ్లేముందే వాళ్ల నానమ్మ వేసినట్టు తెలిసింది. రెండో డోసు ఆగిపోయింది. ఆ పుస్తకం ఖర్చు ఇరవై రూపాయలు కూడా ఉండదు.

మీ పిల్లల స్కూల్లో ఇలాంటిది లేకపోతే అడగండి. తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి, డాక్టరు చీటీ నకలు, పిల్లల పేరు అంటించిన అసలు సీసా లేకుండా మందు వేయమని స్కూలు అంటే చిన్నబుచ్చుకోవద్దు. చెక్కు మీద సంతకం సరిపోకపోతే మనం మాత్రం పాస్ చేస్తామా? స్కూల్లో వేయాల్సిన అవసరమే లేకుండా పొద్దున, రాత్రి సరిపోయే మందు ఉందా అని డాక్టర్ని అడగడం ఇంకా మంచిది.

సొంతంగా వేయకూడనివి

నిమెసులైడ్‌ను 12 ఏళ్లలోపు పిల్లలకు వాడటాన్ని మన దేశంలో 2011లోనే నిషేధించారు. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడవద్దని 2023 డిసెంబరులో ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరప్‌లు రాయవద్దని, ఇవ్వవద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ సూచించింది. పెద్దబ్బాయికి రాసిన సీసా చిన్నమ్మాయికి వాడటం, మిగిలిన యాంటీబయాటిక్ దాచి మళ్లీ వేయడం మానాలి.

ఫిట్స్ వస్తే

ఆరు నెలల నుంచి ఐదేళ్ల వయసులో కొందరికి జ్వరంతో ఫిట్స్ వస్తాయి. ఇంతకుముందు వచ్చి ఉంటే స్కూలుకు తప్పక చెప్పాలి. అప్పుడు పిల్లల్ని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో చెంచా, నీళ్లు, మందు ఏవీ పెట్టకూడదు. టైము చూడాలి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. త్వరగా ఆగినా డాక్టరుకు చూపించాలి.

చివరగా, భార్యాభర్తలు ముందే కూర్చుని తేల్చుకోవాల్సినది ఒకటుంది: స్కూలు నుంచి ఫోన్ వస్తే ఎవరు వెళ్లాలి? ఆ పని ఎప్పుడూ తల్లిదే అనుకోవడం న్యాయం కాదు. ఏ వారం ఎవరి బ్రాంచిలో ఒత్తిడి తక్కువో చూసి వంతులు వేసుకోండి. మూడో మనిషిగా ఒక బంధువునో పక్కింటివాళ్లనో అడిగి పెట్టుకుని, వారి నంబరు కూడా స్కూల్లో రాయించండి. బ్రాంచి మేనేజర్లకూ ఒక మాట: జ్వరంతో ఉన్న బిడ్డ కోసం ఎవరైనా గంట ముందు వెళ్తామంటే పంపండి. ఆ గంట పనిని కౌంటర్‌లో మిగిలినవాళ్లం సర్దుకోగలం.