పాఠం: బెల్టు అతికే ప్రెస్సు – వాడే ముందు పరీక్ష

లక్ష్యాలు
ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ప్రెస్సును వాడే ముందు ఏయే భాగాలు పరీక్షించాలో చెప్పగలుగుతారు.
• లోపం కనిపిస్తే ఏం చేయాలో తెలుసుకుంటారు.

పరిచయం
సింగరేణి గనుల్లో, థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో బొగ్గును మోసే రబ్బరు బెల్టులను మీలో కొందరు చూసే ఉంటారు. బెల్టు తెగితే రెండు కొసలనూ కలిపి, మధ్య పచ్చి రబ్బరు పెట్టి, వేడితో, ఒత్తిడితో అతుకుతారు. దీన్నే వల్కనైజింగ్ అంటారు. ఇందుకు వాడే ప్రెస్సులో దూలాలు, వేడి పలకలు, ఒత్తిడి సంచి, బిగించే బోల్టులు ఉంటాయి.

పరీక్ష ఎందుకు?
పలకలు సుమారు 145 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కుతాయి. సంచిలో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 7 కిలోలు ఉంటుంది. సంచి పొడవు, వెడల్పు ఒక్కొక్క మీటరు అనుకుందాం. దాని వైశాల్యం 10,000 చదరపు సెంటీమీటర్లు. అంటే మొత్తం బలం 70 టన్నులు! దీన్నంతా ఆపేది ఆ బోల్టులే.

ఏం చూడాలి?
ముందుగా బెల్టు స్విచ్ ఆపి, మీ తాళం వేసి, తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి. ప్రెస్సుకు కరెంటు ఇవ్వకముందే ఇవి చూడండి.

1. బోల్టులు, దూలాలు: పగుళ్లు, వంకరలు ఉండరాదు. మరలు అరిగి ఉండరాదు. పోయిన బోల్టుకు బదులు బజారులో దొరికే మామూలు బోల్టు వాడకండి.
2. సంచి, గొట్టం: కోతలు, ఉబ్బులు ఉండరాదు.
3. ఒత్తిడి గేజి: ఒత్తిడి లేనప్పుడు ముల్లు సున్న దగ్గర ఉండాలి. ముల్లు ఇరుక్కున్న గేజిని నమ్మి, లోపల ఒత్తిడి ఉండగానే బోల్టులు విప్పితే ప్రాణాపాయం.
4. వైర్లు: తొడుగు చిరగరాదు. ఎర్తు వైరు గట్టిగా బిగించి ఉండాలి.
5. ఉష్ణోగ్రత మీటరు: పలకలు చల్లగా ఉన్నప్పుడు, చుట్టూ ఉన్న గాలి వేడికి దగ్గరి అంకె చూపాలి.
6. రబ్బరు సొల్యూషన్: ఇది త్వరగా అంటుకుంటుంది. దగ్గర్లో బీడీ, నిప్పురవ్వ ఉండరాదు.

లోపం కనిపిస్తే
బెల్టు ఆగితే పని ఆగుతుంది. "ఈ ఒక్కసారికి కానివ్వు" అని ఎవరైనా తొందరపెట్టవచ్చు. ఒప్పుకోకండి. పరికరానికి "వాడరాదు" అని చీటీ కట్టి పక్కన పెట్టండి. సూపర్‌వైజరుకు చెప్పి, రిజిస్టరులో రాయించండి. ఆగిన బెల్టు రేపు తిరుగుతుంది. పోయిన చెయ్యి తిరిగి రాదు.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి
1. గేజి ముల్లు ఇరుక్కుంటే ఏం ప్రమాదం?
2. సంచి పొడవు 100 సెం.మీ., వెడల్పు 80 సెం.మీ., ఒత్తిడి 7 కిలోలు అయితే మొత్తం బలం ఎంత? (జవాబు: 56 టన్నులు)