ద్వీపయాత్ర

విడవలూరు ప్రాంతపు బాలబాలికలకు రామతీర్థపు సముద్రతీరము చిరపరిచితము. అచట సూర్యుడు కడలినుండి ఉదయించును. కడలిలో క్రుంకు సూర్యుని చూడగోరువారు అదే బంగాళాఖాతమును దాటి అండమాను దీవులకు పోవచ్చును. చెన్నపట్టణమునుండి ఓడలో సుమారు మూడు దినముల ప్రయాణము. ఓడ చేరు రేవు పోర్టు బ్లెయిరు. 2024లో దానికి శ్రీ విజయపురమని పేరిడిరి. అచటినుండి చిన్న ఓడలో స్వరాజ్ ద్వీపమునకు పోవచ్చును. 2018 వరకు దీనిపేరు హేవ్‌లాక్.

దీవిలో యాత్రికునకు దొరకు సమయము స్వల్పము. అన్నియు చూడబోయినవాడు దేనిని చక్కగా చూడజాలడు. కావున తిరుగు ఓడ వేళను తెలిసికొని, పిమ్మట తీరమును ఎన్నుకొనవలెను. సూర్యోదయమునకు తూర్పుననున్న కాలాపత్థర్, అస్తమయమునకు పడమటనున్న రాధానగర్, పగడపుదిబ్బలకు ఎలిఫెంట్ తీరము అనువైనవి.

ఇచట భూగోళపాఠము అక్కరకు వచ్చును. ఆ దీవి విడవలూరునకు తూర్పున సుమారు 13 రేఖాంశముల దూరమున నున్నది. రేఖాంశమునకు 4 నిమిషముల చొప్పున, అచట సుమారు 52 నిమిషములు ముందుగా ప్రొద్దు క్రుంకును. గడియారము మాత్రము రెండుచోట్లను ఒక్కటియే. ఇంటి అలవాటున తీరికగా బయలుదేరినవానికి చీకటియే దక్కును. తిరుగు ఓడ అస్తమయమునకు ముందే కదలునేని, రాత్రి బస కుదుర్చుకొనవలెను.

అండమాను తీరములలో ఉప్పునీటి మొసళ్లు కలవు. హెచ్చరిక పలకను చదువక నీట దిగరాదు. పగడపుదిబ్బలు వట్టి రాళ్లు కావు, చిన్న ప్రాణుల కట్టడములు. వానిని త్రొక్కరాదు, తునుకనైనను ఇంటికి తేరాదు. అది చట్టరీత్యా నేరము.

చూచిన తీరముల లెక్క గొప్ప కాదు. ఒక్కదానినైనను తనివితీర చూచి, దానికి హాని చేయక, క్షేమముగా మరలి వచ్చుటయే యాత్రాఫలము.