డాక్టరు సునీతి సాలమన్ గారి పరిశోధనము

మశూచి, కలరా, ప్లేగు, క్షయ మొదలగు అంటువ్యాధులను గూర్చి మన విద్యార్థులు ఆరోగ్యశాస్త్రమున చదువుచున్నారు. ఇరువదవ శతాబ్దపు కడపటి భాగమున ఆ వరుసలో చేరినది ఎయిడ్సు వ్యాధి. అది మన దేశమున నున్నదని మొదట కనుగొన్న మదరాసు వైద్యురాలు డాక్టరు సునీతి సాలమన్ గారి కృషిని గూర్చి ఈ వ్యాసమున వ్రాయబూనితిని. ఈ రోగము పేరును పిల్లల యెదుట నెత్తుటకు తల్లిదండ్రులు సంకోచింతురని నేనెరుగుదును. అయినను ఆ సంకోచమే చాలకాలము రోగమునకు తోడ్పడినదని చదువరులు గ్రహింపగలరు.

సునీతి గారు మదరాసులో స్థిరపడిన గైతొండే యను మహారాష్ట్ర కుటుంబమున జన్మించిరి. వారిది తోళ్ల వర్తకము. ఎనమండుగురు బిడ్డలలో ఈమె యొక్కతెయే ఆడపిల్ల. టీకాలు వేయుటకై ఏటేట ఇంటికి వచ్చు ఆరోగ్యాధికారిని చూచి వైద్యవిద్యపై మక్కువ కలిగినదట. మదరాసు వైద్యకళాశాలలో చదివి, గుండె శస్త్రవైద్యులగు విక్టర్ సాలమన్ గారిని వివాహమాడి, ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియా దేశములలో కొంతకాలము శిక్షణ పొందిరి. తమ సేవ స్వదేశమునకే ఎక్కువ యవసరమని తలచి 1973లో తిరిగివచ్చి, సూక్ష్మజీవశాస్త్రమున పరిశోధన పట్టమును పొంది, తాము చదివిన కళాశాలలోనే ఆచార్యపదవి నందిరి.

1981వ సంవత్సరము జూను నెలలో అమెరికా దేశమున ఒక చిన్న నివేదిక వెలువడెను. లాస్ ఏంజిలిస్ నగరమున ఐదుగురు యువకులకు, దేహబలము గలవారికి సాధారణముగా రాని యొక ఊపిరితిత్తుల వ్యాధి వచ్చినదని దాని సారాంశము. రెండేండ్లకు పారిసు నగరములోని పాశ్చరు సంస్థవారు అందులకు కారణమైన వైరసును కనుగొనిరి. తరువాత దానికి హెచ్.ఐ.వి. యని పేరు వచ్చెను. మన దేశమున మాత్రము ఇది పరదేశపు రోగమనియు, కట్టుబాట్లు గల మన సంఘములోనికి రాదనియు పెద్దలును అధికారులును నమ్మియుండిరి. 

సునీతి గారికి ఆ నమ్మకము చాలలేదు. పై పట్టమునకై చదువుచున్న సెల్లప్పన్ నిర్మల గారను శిష్యురాలికి ఈ విషయమునే పరిశోధనాంశముగా నిచ్చిరి. నిర్మల గారు మొదట వెనుకాడిరి. భర్త ప్రోత్సహింపగా ఒప్పుకొనిరి. మదరాసులో ప్రభుత్వ సంరక్షణాలయమున నిర్బంధింపబడిన పడుపువృత్తి స్త్రీలయొద్దకు పోయి ఆమె నెత్తుటి నమూనాలను సేకరించెను. వానిని భద్రపరచుటకు తగిన చోటు లేక తన యింటి శీతలపేటికలోనే దాచెను. ఆ పరీక్ష చేయు సాధనము మదరాసులో లేకపోవుటచే, 1986వ సంవత్సరము ఫిబ్రవరిలో భార్యాభర్తలు ఆ నమూనాలను తీసికొని రాత్రి రైలులో వేలూరికి పోయిరి. అచ్చటి క్రైస్తవ వైద్యకళాశాలలో డాక్టరు జేకబ్ జాన్ గారి వైరసు పరిశోధనశాల యుండెను. పరీక్షపలకలోని గుంటలలో ఆరు పసుపువన్నెకు మారెను. మరల నెత్తురు తీసి అమెరికాకు పంపి వేరొక పద్ధతిని పరీక్షింపగా ఆ ఫలితమే నిజమని తేలెను. తమిళనాడు ఆరోగ్యమంత్రి ఆ సంగతిని శాసనసభలో ప్రకటించిరి.

ఇచ్చట ఒక విషయము దాచగూడదు. తమ నెత్తురు ఏ రోగమునకై పరీక్షింపబడుచున్నదో ఆ స్త్రీలకు తెలియదు. అది నేటి వైద్యనీతికి సమ్మతము గాదు. అంతకంటె ఘోరమైనది పిమ్మట జరిగెను. రోగము గలదని తేలిన స్త్రీలను గడువు ముగిసిన తరువాతను అధికారులు విడువక సంరక్షణాలయముననే ఉంచుచు వచ్చిరి. 1990లో మదరాసు హైకోర్టువారి యాజ్ఞ వలన వారు విడుదల నొందిరి. కలరా గలవానిని కొన్నాళ్లు వేరుగా నుంచుటలో అర్థము కలదు. ముట్టుకొనినను, కలిసి భుజించినను, దోమ కుట్టినను అంటని ఈ రోగము గలవారిని బంధించుటకు నాకు అర్థము కనబడదు. సంభోగము, కలుషితమైన నెత్తురు, సూదులు, తల్లినుండి శిశువునకు గర్భమునను ప్రసవమునను చనుబాలయందును కలుగు సంక్రమణము, ఇవియే దాని త్రోవలు.

రోగమును కనుగొనుటయందు పేరు కలదు. కనుగొనబడినవారితో నిలుచుటయందు అంత పేరు లేదు. సునీతి గారి యుత్తరజీవితమంతయు ఈ రెండవ పనికే వినియోగమైనది. ఇట్టి రోగులకు చికిత్స చేయుట భర్తకు మొదట ఇష్టము లేకుండెను. వారి కథలను వినినచో అట్లనరని ఆమె చెప్పెడివారట. 1993లో ప్రభుత్వోద్యోగమును వదలి, తండ్రిగారి పేర వై.ఆర్.జి. కేర్ అను సంస్థను స్థాపించిరి. అచ్చట పరీక్షకు ముందును వెనుకను రోగితో కూర్చుండి మాటలాడుట, రోగి గుట్టును కాపాడుట ముఖ్యనియమములు. ఆమె చూచిన రోగులలో గృహిణులు చాలమంది యుండిరి. వారిలో పెక్కురు భర్తను తప్ప అన్యపురుషు నెరుగనివారని ఆమెయు సహచరులును వ్రాసిన పరిశోధన వ్యాసము 2000లో వెలువడెను. పరదేశపు రోగము, పాపుల రోగము అని చెప్పుకొనిన సంఘమునకు అది గట్టి జవాబు.

ఇక చికిత్స మాట. మన నెత్తురులో సీ.డీ.4 అను గుర్తు గల తెల్లకణములు కలవు. కోటకు కావలివారి నాయకుడెట్లో దేహరక్షణకు అవి యట్లు. ఈ వైరసు ముఖ్యముగా ఆ నాయకునే పట్టుకొనును. తన వ్రాతను ఆ కణముయొక్క బీజాక్షరములలో చేర్చివేయును. ఆరోగ్యవంతునకు ఒక ఘనపు మిల్లీమీటరు నెత్తురులో సుమారు 500 మొదలు 1500 వరకు నుండు ఆ కణములు 200కు తగ్గినచో క్షయ మొదలగు వ్యాధులు స్వేచ్ఛగా జొచ్చును. మందు వైరసు పెరుగుదలను ఆపును గాని కణములోని వ్రాతను చెరిపివేయలేదు. నెమ్మది కలిగిన తరువాత మందు మానరాదా యని విద్యార్థులు అడుగుచుందురు. మానినచో దాగియున్న వైరసు కొలదివారములలో మరల లేచును. అందుచే ప్రతిదినము జీవితాంతము పుచ్చుకొనవలెను.

1987లో జిడోవుడిన్ అను మొదటి మందు వచ్చెను. ఒక్క మందునకు వైరసు త్వరలోనే లొంగకుండ మారెడిది. 1996లో మూడు మందులను కలిపి యిచ్చు పద్ధతి వచ్చినపిదప మరణశయ్యపైనున్నవారు లేచి పనులకు పోజొచ్చిరి. అయితే దాని వెల ఏటికి పదివేల డాలర్లు మించియుండెను! మదరాసులో ఆ చికిత్సను ఎందరు కొనగలరు? 2001లో బొంబాయికి చెందిన సిప్లా కంపెనీవారు పేదలకు సేవచేయు సంస్థలకు ఏటికి 350 డాలర్లకే యిత్తుమని ప్రకటించిరి. మన హైదరాబాదు కంపెనీలు కూడ తరువాత ఈ మందులను విస్తారముగా తయారుచేసి అనేక దేశములకు పంపినవి. 2004వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన మన ప్రభుత్వమువారు ఎనిమిది ఆసుపత్రులలో ఉచితముగా నిచ్చుట కారంభించిరి. రోగము ప్రబలిన ఆరు రాష్ట్రములలో నాటి ఆంధ్రప్రదేశము ఒకటి.

బ్రతుకు దొరికినవారికి బ్రతుకులోని కోరికలును దొరకును గదా. యౌవనములోనున్న రోగులు వివాహమును గూర్చి అడుగసాగిరి. సునీతి గారు పెండ్లిండ్ల పేరమ్మయై, రోగము గలవారికి రోగము గలవారినే జతపరచుచుండిరి. వయస్సు, చదువు, భాషలతో పాటు నెత్తుటి పరీక్షల లెక్కలను గూడ చూచి కుదిర్చిన ఆ సంబంధములకు జాతకములు చూచు పురోహితుడు ఏమనునో! అట్టి దంపతులకు తగిన మందులతో రోగము లేని బిడ్డలు పుట్టుటయు సాధ్యమైనది. చికిత్స లేనిచో నూటికి 15 మొదలు 45 మంది వరకు శిశువులకు సోకు నీ రోగము, చికిత్స గలచోట నూటికి ఐదుగురికంటె తక్కువకు దిగును.

ఆమె సంస్థ పాలుపంచుకొనిన పరిశోధనలలో శ్రేష్ఠమైనదానికి అమెరికా వైద్యుడు మైరన్ కోహెన్ నాయకుడు. తొమ్మిది దేశములలో 1,763 జంటలను ఎన్నుకొనిరి. ప్రతి జంటలో ఒకరికి మాత్రమే రోగము కలదు. కొందరికి వెంటనే మందు నిచ్చిరి. తక్కినవారికి, నాటి వైద్యనియమము ననుసరించి, కణముల లెక్క తగ్గినపిదప నిచ్చిరి. జంటలోని రోగినుండియే రెండవవారికి సోకినట్లు 2011 నాటికి తేలినవి 28. వానిలో 27 ఆలస్యముగా మందు నొందినవారి పక్షముననే. వెంటనే పుచ్చుకొనినవారి పక్షమున ఒక్కటి! మందు రోగిని కాపాడుటయే గాక అతని యిల్లాలిని గూడ కాపాడునని లోకమునకు ఇట్లు తెలిసెను. ఆ జంటలలో మదరాసు జంటలును కలవు.

సునీతి గారు 2015వ సంవత్సరము జూలై 28వ తేదీన చెన్నైలో క్యాన్సరు వ్యాధిచే మరణించిరి. 2017లో ప్రభుత్వమువారు మరణానంతరము పద్మశ్రీ బిరుదము నిచ్చిరి. రోగము గలదని తేలిన ప్రతివానికిని కణముల లెక్కతో నిమిత్తము లేక వెంటనే మందు నిచ్చుట మన దేశమున ఆ యేడే ఆరంభమయ్యెను. ఆ యేటనే పార్లమెంటువారు ఒక చట్టమును గావించిరి. అది 2018 సెప్టెంబరునుండి అమలులోనికి వచ్చెను. దాని ప్రకారము ఈ రోగము గల బిడ్డను పాఠశాలనుండి త్రోసివేయరాదు, పనివానిని పనినుండి తొలగింపరాదు. పరీక్షకై నెత్తురు తీయుటకు ముందు సంగతి తెలిపి సమ్మతిని పొందవలెను.